అలిపిరి మెట్లు ఎక్కిన కాళ్లు సందక్‌ఫూకు చాలునా?

ముందుగా ప్రశ్నను క్లుప్తంగా చెబుతాను. తిరుపతిలోని ఒక పాఠశాలలో పనిచేసే పద్నాలుగు మంది ఉపాధ్యాయులు వేసవి సెలవులు ఇవ్వగానే, ఏప్రిల్ చివరి వారంలో, పశ్చిమ బెంగాల్‌లోని సింగలీలా కొండవరుస మీదుగా సందక్‌ఫూ, ఫాలుట్ దాకా ఐదు రోజుల్లో నడిచి రావాలనుకుంటున్నారు. వారిలో తొమ్మిది మంది నెలకొకసారి అలిపిరి మెట్లెక్కేవారు, రెండు రెండున్నర గంటల్లో కొండ చేరేవారు. వయసులు ఇరవై ఆరు నుంచి యాభై ఏడు దాకా ఉన్నాయి. ఈ అలవాటు చాలునా, అందరూ ఒకే జట్టుగా వెళ్లవచ్చునా, యాభై ఏడేళ్ల ప్రధానోపాధ్యాయురాలిని తీసుకుపోవడం మంచిదేనా అని అడిగారు.

వెళ్లవచ్చు, ఆమెను కూడా తీసుకుపోవచ్చు. అయితే పద్నాలుగు మందిని రెండు జట్లుగా చేయండి, ఫాలుట్‌ను ఈసారికి వదిలేయండి, అలా మిగిలిన రోజును ఎత్తుకు అలవాటుపడడానికి వాడుకోండి. అలిపిరి మెట్లు మీ కాళ్లను సగమే సిద్ధం చేశాయి. ఎత్తు సంగతికి వస్తే అసలేమీ చేయలేదు. నేను చిత్తూరులో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి విరమించినవాడిని. చిత్తూరు, పీలేరు, తిరుపతి వాళ్లతో కలిసి తొమ్మిదిసార్లు హిమాలయాల్లో నడిచాను, అందులో నాలుగుసార్లు సందక్‌ఫూకే వెళ్లాను. ఇక్కడ రాసే జాగ్రత్తల్లో సగానికి పైగా నేను తప్పు చేసి నేర్చుకున్నవే.

మొదట ఎత్తు గురించి చెబుతాను. తిరుమల సముద్రమట్టానికి సుమారు 2,800 అడుగుల ఎత్తున ఉంది, అంటే 850 మీటర్లు. సందక్‌ఫూ 3,636 మీటర్లు, దాదాపు 12,000 అడుగులు. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టం మీద ఉండేదానిలో మూడింట రెండు వంతులకు కాస్త తక్కువే ఉంటుంది కాబట్టి, పీల్చే ప్రతి ఊపిరిలోనూ అందే ప్రాణవాయువు ఆ మేరకు తగ్గిపోతుంది. ఒంటికి ఈ లోటు అలవాటు కావడానికి రోజులు పడుతుంది. 2,500 మీటర్లు దాటాక ఎవరికైనా, ఎంతటి వ్యాయామం చేసినవారికైనా, ఎత్తు వల్ల వచ్చే జబ్బు పట్టుకోవచ్చు. మెట్లను గంటన్నరలో ఎక్కే కుర్రవాడికి ఇది రాదని, ఆయాసపడుతూ నాలుగు గంటల్లో ఎక్కే పెద్దావిడకు వస్తుందని అనుకోవడం పొరపాటు. నా అనుభవంలో జబ్బుపడినవారు ఎక్కువగా కుర్రవాళ్లే, ఎందుకంటే వాళ్లే వేగంగా ఎక్కుతారు, వాళ్లే నొప్పిని దాచుకుంటారు.

మామూలుగా అందరూ వేసుకునే పథకం ప్రకారం, న్యూ జల్‌పాయ్‌గురిలో రైలు దిగి, జీపులో నేరుగా మానేభంజన్ చేరి, మర్నాడు ఉదయమే నడక మొదలుపెట్టి, సాయంత్రానికి సుమారు 2,970 మీటర్ల ఎత్తున్న తుమ్లింగ్‌లో పడుకుంటారు. తిరుపతి ఎండల్లోనుంచి వచ్చినవారికి ఇది తొందరపాటే. ఫాలుట్ వదిలేస్తే మిగిలే రోజును ఇక్కడ ఖర్చు చేయండి. డార్జిలింగ్‌లో గానీ మానేభంజన్‌లో గానీ, రెండూ రెండువేల మీటర్ల చుట్టుపక్కల ఉన్నవే, రెండు రాత్రులు ఉండి, మధ్యలోని పగలు బరువు లేకుండా చుట్టుపక్కల నడవండి. ఆపైన తుమ్లింగ్, కాలిపోఖ్రీ, సందక్‌ఫూలలో ఒక్కొక్క రాత్రి గడపండి. 3,000 మీటర్లు దాటాక, ఈ రాత్రి పడుకున్న చోటుకూ రేపు రాత్రి పడుకోబోయే చోటుకూ మధ్య తేడా 500 మీటర్లకు మించకూడదని పర్వత వైద్యులు చెబుతారు. కాలిపోఖ్రీ నుంచి సందక్‌ఫూకు ఉన్న తేడా దాదాపు ఆ అంచున ఉంటుంది. అందుకే దాని ముందు రాత్రుల విషయంలో కక్కుర్తి పడవద్దని చెబుతున్నాను.

ఫాలుట్ వదలమనడానికి మరో కారణం ఉంది. సందక్‌ఫూ నుంచి అది 21 కిలోమీటర్లు, దారి దాదాపు అంతా బయలు కొండకొమ్ము మీదే, తలదాచుకునే చోట్లు చాలా తక్కువ. మొదటిసారి వచ్చిన పద్నాలుగు మందిని ఒకే రోజులో అంత దూరం నడిపించడం నాకు చేతకాలేదు. ఒకసారి ప్రయత్నించి, చీకటి పడ్డాక టార్చిలైట్ల వెలుగులో చివరి ముగ్గురినీ చేయి పట్టుకుని గుడిసెకు చేర్చాను. ఆ ముగ్గురిలో ఒకరు మళ్లీ ఎప్పుడూ మాతో రాలేదు.

ఇప్పుడు కాళ్ల సంగతి. అలిపిరి నుంచి తొమ్మిది కిలోమీటర్లు, 3,550 మెట్లు ఎక్కగలగడం చిన్న సాధనేమీ కాదు. అయితే మన తిరుపతి వాళ్లలో ఒక అలవాటు ఉంది: నడిచి ఎక్కుతాము, దర్శనం చేసుకుంటాము, లడ్డూల సంచి పట్టుకుని బస్సెక్కి దిగిపోతాము. మీరు ఎక్కడం నేర్చుకున్నారు గాని, దిగడం నేర్చుకోలేదు. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బరువును ఆపాలి, దాంతో కండరపు పోగులు ఎక్కువగా దెబ్బతింటాయి. ఆ నొప్పి అప్పటికప్పుడు తెలియదు, మర్నాడు, ఆ మర్నాడు తెలుస్తుంది. సందక్‌ఫూ నుంచి గుర్దుం మీదుగా శ్రీఖోలాకు దిగే రోజున, తిరుమల నుంచి అలిపిరికి దిగే ఎత్తుకు ఒకటిన్నర రెట్లకు మించి దిగాలి, దారి నిటారుగా ఉంటుంది. మా మొదటి జట్టులో ఒకాయన, ఎక్కేటప్పుడు అందరికన్నా ముందున్నవాడు, శ్రీఖోలాలో గది గడపకు ఉన్న రెండు మెట్లను వెనక్కి తిరిగి, గోడ పట్టుకుని దిగవలసి వచ్చింది.

ఇందుకు మందు సులువైనదే. కండరానికి ఒకసారి ఆ దెబ్బ తగిలి మానితే, తరువాత కొన్ని వారాల పాటు అదే పనికి అంతగా నొప్పి పుట్టదు. కాబట్టి ఫిబ్రవరి నుంచి నెలకు రెండుసార్లు మెట్ల మీదుగా దిగండి కూడా. చివరి దిగుడు ప్రయాణానికి రెండు వారాల ముందు ఉండేలా చూసుకోండి, మరీ దగ్గరగా పెట్టుకుంటే నొప్పితోనే రైలెక్కుతారు. మోకాళ్లు నొచ్చేవారు రెండు చేతి కర్రలతో దిగడం ఇప్పుడే అలవాటు చేసుకోవాలి.

బూట్ల విషయంలో నాకొక ఇబ్బంది ఉంది, చెప్పక తప్పదు. కొత్త బూట్లను కనీసం రెండు నెలలు వేసుకుని తిరగాలి. కానీ పసుపు కుంకుమలతో ఒక్కొక్క మెట్టుకూ పూజ చేస్తూ వచ్చే అమ్మ పక్కన, మోకాళ్ల పర్వతం దగ్గర మోకాళ్ల మీద ఎక్కేవారి పక్కన, మందపాటి అడుగుల బూట్లతో ధబధబా నడవడం నాకు మనస్కరించదు. మెట్ల మీద ఒట్టికాళ్లతోనే సాధన చేయండి, పాదం కూడా గట్టిపడుతుంది. బూట్లకు తలకోన వెళ్లండి. 270 అడుగుల జలపాతం దాకా పోయే రాళ్ల బాటలో తడి బండలు, చెట్ల వేళ్లు, ఎగుడుదిగుళ్లు అన్నీ దొరుకుతాయి. సంచిలో ఆరేడు కిలోల బరువుతో ఒక ఆదివారమంతా అక్కడ గడిపితే, బూటు ఎక్కడ కొరుకుతుందో తెలిసిపోతుంది. కాలిగోళ్లు పొట్టిగా కత్తిరించుకోకపోతే దిగుడులో బొటనవేలి గోరు నల్లబడడం కూడా అక్కడే చూస్తారు.

సాధన పేరుతో శేషాచలం అడవిలో మీకు తోచిన దారిలో చొరబడకండి. యువ ఉపాధ్యాయులు ఇలాంటి ఆలోచన చేస్తారని తెలుసు కాబట్టి చెబుతున్నాను. 2010లో జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించిన అడవి అది. అందులో కొంత భాగం శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు, మిగిలినదాంట్లో చాలావరకు రిజర్వు అడవి. అనుమతి లేకుండా అడుగుపెడితే నేరమే అవుతుంది, పైగా ఎర్రచందనం కోసం గస్తీ తిరిగేవారికి సంచులు మోసుకుంటూ తెల్లవారుజామున అడవిలో కనిపించే పదిమంది ఎలా కనిపిస్తారో మీరే ఊహించుకోండి. చిరుతల సంగతి సరేసరి. 2023 ఆగస్టులో నడకదారిలోనే ఒక ఆరేళ్ల పాప ప్రాణం పోయింది. ఆ తరువాత టీటీడీ భక్తుల చేతికి కర్రలిచ్చి, గుంపులుగా పంపింది.

అడవిలో గుంపుగా నడిచే సాధన కావాలంటే మన దగ్గరే ఒక మంచి సందర్భం ఉంది. ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థ ముక్కోటి జరుగుతుంది. టీటీడీ, అటవీ శాఖ అనుమతించిన సమయంలో పాపవినాశనం నుంచి బయలుదేరి, కొండకోనల్లో, రాళ్ల మీద, నీళ్లలో దిగుతూ ఎక్కుతూ తీర్థం చేరాలి. గుండెజబ్బు, ఉబ్బసం, స్థూలకాయం ఉన్నవారు రావద్దని దేవస్థానం ముందే చెబుతుంది. పద్నాలుగు మందీ ఆ రోజు కలిసి వెళ్లండి. ఏప్రిల్ ప్రయాణానికి సుమారు నెల నుంచి రెండు నెలల ముందు వస్తుంది కాబట్టి, మీలో ఎవరు ముందుకు ఉరుకుతారో, ఎవరు వెనకబడతారో, నీళ్లు తాగడం ఎవరు మరిచిపోతారో, ఎవరికి చిరాకు త్వరగా వస్తుందో చూసుకోవడానికి అంతకన్నా మంచి రోజు దొరకదు. రెండు జట్లుగా ఎవరెవరిని విడదీయాలన్నది ఆ సాయంత్రమే తేల్చుకోండి. స్నేహాలను బట్టి కాకుండా నడకను బట్టి విడదీయండి.

రెండు జట్లు ఎందుకని అడుగుతారు. పద్నాలుగు మంది వరుస కొండదారిలో అర కిలోమీటరు సాగిపోతుంది, ముందున్నవారికి వెనకున్నవారు కనిపించరు. ఏడుగురైతే ఒక్క కేకకు అందరూ నిలబడతారు. అక్కడ స్థానిక గైడు లేకుండా నడవనివ్వరు కాబట్టి, జట్టుకొక గైడును పెట్టుకుంటే చాలు, ఖర్చు కూడా పెద్దగా పెరగదు. జట్టుకు ఒక ముందు మనిషి, ఒక వెనక మనిషి ఉండాలి. వెనక మనిషి బలమైనవాడు, ఓపికస్తుడు కావాలి, ఎవరినీ దాటకూడదు. అందరికన్నా నెమ్మదిగా నడిచేవారిని ముందు మనిషికి వెనకే, రెండో స్థానంలో పెట్టండి. వారిని చివర వదిలేయడం మన గుంపులన్నీ చేసే మొదటి తప్పు.

దీనికి ఒక చిన్న ఉదాహరణ చెబుతాను. ముందు నడిచే నలుగురు ఒక బండ మీద కూర్చుని నీళ్లు తాగి, చెనిక్కాయ ఉండలు తిని, ఫోటోలు తీసుకుని, పది నిమిషాలు సేద తీరుతారు. చివరి మనిషి రొప్పుతూ వచ్చి చేరగానే, "వచ్చేశారుగా, పదండి" అని లేస్తారు. చివరి మనిషి సంచి దించకుండానే మళ్లీ నడక మొదలుపెడతాడు. రోజంతా ఇలాగే గడిస్తే బలమైనవాడికి ఎనిమిదిసార్లు విశ్రాంతి దొరుకుతుంది, బలహీనుడికి ఒక్కసారీ దొరకదు. సాయంత్రం అతడు కూలబడితే "ముందే చెప్పాం కదా, ఈయన నడవలేడని" అంటారు. మా జట్టులో ఇప్పుడు ఒక కట్టుబాటు ఉంది: విశ్రాంతి గడియారం చివరి మనిషి సంచి దించినప్పుడే మొదలవుతుంది. అక్కడినుంచి ఐదు నిమిషాలు. ఈ ఒక్క మార్పుతో ముందువాళ్లే తమంతట తాము వేగం తగ్గించుకున్నారు, చలిగాలిలో చెమట ఆరుతూ పావుగంట కూర్చోవడం వాళ్లకూ ఇష్టం ఉండదు కదా.

దారి చీలిన ప్రతిచోటా ముందు మనిషి ఆగాలి, తల లెక్క సరిపోయాకే కదలాలి. తుమ్లింగ్ దాటాక దారి రెండుగా చీలుతుంది, ఒకటి సింగలీలా జాతీయ పార్కు లోపలికి, మరొకటి నేపాల్ వైపున్న జౌబారి గ్రామానికి. రెండూ చివరికి గైరిబాస్‌లోనే కలుస్తాయి. ఒకసారి పొగమంచులో మా ఇద్దరు కుర్రవాళ్లు తెలియక జౌబారి దారి పట్టారు. మేము చీలిక దగ్గర గంటన్నర సేపు ఈలలు వేస్తూ, లోయలోకి కేకలు పెడుతూ, వాళ్ల ఇంట్లోవాళ్లకు ఏమి చెప్పాలా అని నలిగిపోయాము. వాళ్లు గైరిబాస్‌లో పొయ్యి పక్కన కూర్చుని టీ తాగుతూ, మేమెందుకు ఇంత ఆలస్యం చేశామని విసుక్కున్నారు. సరిహద్దు వెంబడి సాగే దారి కాబట్టి గుర్తింపు కార్డులు అసలువి ఎవరివి వారి జేబులోనే ఉండాలి, ఒకరి సంచిలో అందరివీ పెట్టడం వద్దు.

ఇక అన్నిటికన్నా నేను గట్టిగా చెప్పదలచుకున్న విషయం ఇది. మూడోసారి వెళ్లినప్పుడు కాలిపోఖ్రీలో రాత్రి భోజనాల దగ్గర, "ఎవరికైనా తలనొప్పి ఉందా?" అని అందరినీ కలిపి అడిగాను. ఎవరూ మాట్లాడలేదు. మర్నాడు సందక్‌ఫూ చేరాక అర్ధరాత్రి ఒకతను వాంతులు చేసుకుంటున్నాడని లేపారు. లేచి నడవమంటే తాగినవాడిలా తూలాడు. తలనొప్పి ముందురోజు మధ్యాహ్నం నుంచే ఉందట. తన వల్ల పదిమందీ ఆగిపోతారని చెప్పలేదట. సందక్‌ఫూ దాకా జీపు దారి ఉండబట్టి ఆ రాత్రే బండి పెట్టి కిందికి దించాము. గైరిబాస్ దాటేసరికే అతడి మాట తేటపడింది. ఆ తప్పు అతడిది కాదు, నాదే. పదిమందిలో అడిగితే మనవాళ్లెవరూ "నాకు బాగాలేదు" అనరు, అందులోనూ పై అధికారి ఎదురుగా ఉంటే అసలే అనరు.

అప్పటినుంచి సాయంత్రం గుడిసె చేరాక ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి అవే నాలుగు ప్రశ్నలు అడుగుతాను: తలనొప్పి ఉందా, వికారంగా ఉందా, మామూలుకు మించిన అలసట ఉందా, తల తిరుగుతోందా. తలనొప్పికి మిగిలిన మూడింటిలో ఏ ఒక్కటి తోడైనా అది ఎత్తు జబ్బేనని భావించి, తగ్గేదాకా పైకి ఎక్కనివ్వను. మర్నాటికీ తగ్గకపోయినా, పెరిగినా కిందికి దించాలి. మడమకు బొటనవేలు ఆనించి ఒక గీత మీద పదడుగులు నడవలేకపోతే, లేక కూర్చుని ఉన్నప్పుడు కూడా ఆయాసం వస్తుంటే, తెల్లవారేదాకా ఆగకూడదు, ఒంటరిగా పంపకూడదు. డయామాక్స్ పేరుతో దొరికే ఎసిటజోలమైడ్ మాత్రను ముందుజాగ్రత్తగా రోజుకు రెండుసార్లు 125 మిల్లీగ్రాముల చొప్పున వాడడం ఉంది. సల్ఫా మందులు పడనివారికి ఇది ప్రమాదం కావచ్చు కాబట్టి వైద్యుడిని అడిగే వాడండి. మాత్ర వేసుకున్నాం కదా అని జబ్బు గుర్తులున్నా పైకి ఎక్కడం మాత్రం కూడదు.

అలాగే వెనక్కి తిరగమని చెప్పే అధికారం ఎవరిదో తిరుపతిలోనే తేల్చుకోండి. బడిలో పెద్దవారు కొండ మీద కూడా పెద్దవారే కానక్కరలేదు. మీ ప్రధానోపాధ్యాయురాలు ఆ మాటను అందరి ముందూ తన నోటితో చెబితే, మిగిలినవారికి పని తేలికవుతుంది.

ఏప్రిల్, మే నెలల్లో ఆ కొండల మీద ఉదయం ఆకాశం నిర్మలంగా ఉండి మధ్యాహ్నానికి మబ్బులు కమ్ముతాయి, ఉరుములు, వడగళ్లు మామూలే. ఆరింటికి బయలుదేరి రెండింటికల్లా గుడిసె చేరండి. మెరుపుకూ ఉరుముకూ మధ్య ముప్పై లెక్కపెట్టేలోపు ఉరుము వినిపిస్తే కొండకొమ్ము మీదనుంచి పక్క వాలులోకి దిగిపోవాలి, ఒంటరి చెట్టు కిందికి పోకూడదు, ఒకరినొకరు పట్టుకుని ముద్దగా కూర్చోకూడదు. విడివిడిగా, దూరం దూరంగా కూర్చోవాలి. భయమేసినప్పుడు దగ్గరికి చేరడం మన స్వభావం కాబట్టి, దీన్ని ముందే చెప్పి ఉంచాలి.

బట్టలు, తిండి గురించి ఎక్కువ చెప్పను. జీన్సు వద్దు, తడిస్తే ఆరదు. పలుచటి బట్టలు పొరలుపొరలుగా, వానకోటు, మంకీ క్యాపు చాలు. అక్కడి గుడిసెల్లో అన్నం, పప్పు, బంగాళాదుంప కూర దొరుకుతాయి. పప్పుల పొడి, ఊరగాయ తీసుకుపోతే మీ జట్టులో గొడవలు సగం తగ్గుతాయి. రాగిమాల్టు పొడి ఒక కిలో మరిచిపోవద్దు. ఎత్తున ఆకలి చచ్చిపోతుంది, వేడివేడిగా తాగడం తేలిక.

చివరగా ప్రధానోపాధ్యాయురాలి విషయం. వైద్యుడికి ఎత్తు, రోజుల లెక్క, దూరం కాగితం మీద రాసి చూపించి, రక్తపోటు, చక్కెర, గుండె పరీక్షలు చేయించుకోమనండి. ఆయన సరేనంటే ఆమెను రెండో స్థానంలో నడిపించండి, సంచి మోయడానికి మనిషిని పెట్టండి. "మేడమ్ నడవలేకపోతే జీపులో నేరుగా సందక్‌ఫూకు పంపేద్దాం" అని మీరు రాసిన ఆలోచన మాత్రం వద్దు. నడిచేవారికి మూడు రోజులు పట్టే ఎత్తును జీపు ఒక పూటలో ఎక్కించేస్తుంది, అలవాటుపడే వ్యవధి లేక ఎక్కువ ప్రమాదంలో పడేది ఆవిడే. నడవలేననిపిస్తే తుమ్లింగ్‌లోనే తోడుగా ఒకరిని ఉంచి ఆపండి. ఆకాశం తేటగా ఉన్న ఉదయం కాంచనజంగ అక్కడినుంచి కూడా కనిపిస్తుంది. ఆ తోడు ఎవరన్నది కూడా ఇప్పుడే అనుకోండి, అక్కడికి వెళ్లాక అడిగితే అందరూ నేల చూస్తారు.